సగం ధర రాజు

రాత్రి పదకొండింటికి, ఫోను వెలుగులో,
యాభై స్టాంపులు ఇరవై నాలుగు పౌండ్లకి కొన్నాను.
కౌంటర్లో అయితే నలభై మూడున్నర.
అమ్మేవాడికి పేరు లేదు, నాలుగున్నర చుక్కలున్నాయి.
అసలువేనా అని అడిగితే
నూటికి నూరు పాళ్లూ అన్నాడు, క్షణం తడుముకోకుండా.
అసలు సరుకున్నవాడు ఆ ప్రశ్నకి కాస్తయినా విసుక్కుంటాడని
మా నాన్న అనేవాడు.
అప్పుడు గుర్తు రాలేదు.

కెటరింగ్‌లో నాకో తోట ముక్క ఉంది, కౌన్సిల్ వాళ్లది.
ప్లాస్టిక్ గుడారం కింద ఎర్రకాడ గోంగూర.
పోయినేడు ఎండ బాగా కాసి
మొదటిసారి గింజ కట్టింది.
అడిగినవాళ్లకల్లా పంపుతానన్నాను, ఊరికే.
కవరుకి పన్నెండు గింజలు, ఓ చీటీ:
"మే నెల దాకా ఆగండి. ఈ దేశపు ఏప్రిల్‌ని నమ్మకండి."

స్టాంపులు వచ్చాయి.
ఆకుపచ్చ రాజుగారు, పక్కకి తిరిగి,
వెనకాల చీమలు బారు తప్పినట్టు బార్‌కోడ్.
ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త చెప్పుల వాసన.
అంచు తడిమితే పళ్లు కొంచెం మొద్దు.
చెవి కూడా ఒక పిసరు కిందికి జారినట్టుంది,
నా కళ్లజోడు పాతదిలే అనుకున్నాను.
అంటించేశాను. ముప్పై ఒకటి.

పది రోజులకి డండీ నుంచి అలివేలు గారి ఫోను.
"మీ కవరు మీద పసుపు చీటీ వేశారండీ, స్టాంపు నకిలీదట.
ఐదు పౌండ్లు కట్టి విడిపించుకున్నాను."
విడిపించుకున్నాను అంది,
తాకట్టులోంచి గొలుసుని తెచ్చుకున్నట్టు.
స్వాన్సీలో ఓల్వెన్ కట్టలేదు. ఎందుకు కట్టాలి?
ఏ గోదాములోనో పన్నెండు గింజలు
చీకట్లో మే నెల కోసం చూస్తుంటాయి.
సగం ధరకి కొన్నాననుకున్నాను.
మిగతా సగం ఎవరి జేబులోంచో తీశాను.

నాన్న గుంటూరు పట్నంబజార్లో విత్తనాల కొట్టు గుమాస్తా.
ఒక ఏడు మిరప రైతులొచ్చి కొట్టు ముందు కూర్చున్నారు.
ఒక్కరూ అరవలేదు.
సంచి మీద ముద్ర ఉంది, మెరిసే బిళ్ల ఉంది,
లోపల గింజ ఉంది.
గింజలో చెట్టు లేదు.
ఆ తర్వాత నాన్న ప్రతి సంచిలోంచీ పది గింజలు తీసి
తడిగుడ్డలో మూటకట్టి, మూడు రోజులు ఆగేవాడు.
యజమాని నవ్వేవాడు. బేరాలు పోతాయయ్యా అని.

మిగిలిన పంతొమ్మిదీ పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లాను.
కౌంటర్లో బెరిల్ కళ్లద్దాలు నుదుటికి ఎత్తి చూసింది,
దింపి చూసింది.
"పాపం, శ్రద్ధగానే వేశాడు" అంది.
మీకు తెలుస్తుందా అంటే, నాకేం తెలుస్తుందమ్మా,
యంత్రం చెబితే నేనూ నమ్ముతా అంది.
నా వెనక క్యూలో ఎవరో దగ్గారు.
ముప్పై ఒక్క అసలు స్టాంపులు కొన్నాను,
ముప్పై ఒక్క కవర్లలో ఐదేసి పౌండ్ల నోటు, క్షమించమని రెండు ముక్కలు.
మొత్తం లెక్క వేశాను. మీకు చెప్పను.

తొమ్మిది మంది నోటు తిప్పి పంపారు.
వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదట,
దొంగ రాజే వెళ్లి తలుపు కింద నుంచి
గింజలు లోపలికి జారవిడిచాడు.
అందులో ఒకావిడ, హెక్సమ్ ఊరు,
జూన్‌లో ఫోటో పంపింది: పెరుగు డబ్బాలో రెండాకుల మొలక,
కాడ అప్పుడే ఎర్రబడుతోంది.
ఆ ఫోటో చూస్తూ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో
చాలాసేపు తెలియలేదు.

ఒక దొంగ స్టాంపుని గుడారంలో కుండీకి అంటించాను, గుర్తుకి.
ఎండకి రాజుగారు వెలుస్తున్నారు, ముందు చెవి, తర్వాత మెడ.
అసలు రాజైతే ఇంత తొందరగా వెలుస్తాడా?
పక్క కుండీకి ఓ అసలుది అంటించి చూడాలి.
ఎనభై ఏడు పెన్నీలు.
ఆలోచిస్తున్నాను.